కైకలూరు చెరువు గట్టు మీద ఆదివారం

మా తాడేపల్లిగూడెం సంఘంలో యవ్వనస్థుల కూటం బాధ్యత నాది. ప్రార్థనాంశాలు చెప్పమంటే ఏడాది పొడుగునా ఒకటే మాట వినిపించేది: "ఉద్యోగం కోసం ప్రార్థన చేయండి టీచరుగారూ." డిగ్రీ అయినవాళ్లదీ అదే, ఇంటర్‌తో ఆగినవాళ్లదీ అదే. ప్రార్థన చేశాం. ఉపవాసాలు ఉన్నాం. ఒక కూటంలో నేనే అడిగాను. "దేవుడు రేపొద్దున్నే ఉద్యోగం ఇచ్చాడనుకోండర్రా, ఏ పని చేసి చూపిస్తారు?"

అందరూ తలలు దించుకున్నారు. ప్రభువు శిష్యులను పిలిచినప్పుడు వాళ్లు ఖాళీగా కూర్చుని లేరు. ఒకరు వల వేస్తున్నారు, ఇంకొకరు చిరిగిన వల బాగుచేసుకుంటున్నారు. చేతిలో పని ఉన్నవాళ్లనే ఆయన పిలిచాడు. మా పిల్లల చేతులకు కూడా పని చూపించాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. కొల్లేరు పక్కన ఇన్ని చేపల చెరువులు పెట్టుకుని పని కోసం ఎక్కడికో చూడడం ఎందుకు? నవంబరు నెలలో ఒక శుక్రవారం బయల్దేరాం. తమ సంఘంలోని పిల్లలను ఇలా తీసుకెళ్లాలనుకునేవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముగ్గురు వచ్చారు. కెజియా బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి ఇంట్లో ఉంది. వాళ్ల నాన్న ఆశీర్వాదంగారు ఆటో నడుపుతారు, మా సంఘ పెద్దల్లో ఒకరు. గూడెంలో ఒక బట్టల కొట్టు యజమాని ఆమెను సేల్స్‌లోకి రమ్మన్నాడు, సోమవారానికి మాట చెప్పాలి. "చీరలు మడతపెట్టడానికి కెమిస్ట్రీ ఎందుకు చదివానండీ?" అని నా దగ్గర ఏడ్చింది. ఈ మూడు రోజుల్లో చదువుకు తగిన పని ఏదైనా కనిపిస్తే సరే, లేకపోతే సోమవారం నుంచి కొట్టుకే. తండ్రీ కూతుళ్ల మధ్య ఒప్పందం అది.

రెండోవాడు ప్రసన్నకుమార్. ఇంటర్ చదివాడు, మా గాయక బృందంలో మంచి గొంతు వాడిదే. ప్రార్థన మొదలుపెడితే ఆపడు. మూడోవాడు శ్రీను, పెంటపాడులో వరి పండించే హిందూ కుటుంబం, హైస్కూల్లో నా దగ్గర సోషల్ చదువుకున్నాడు. ప్రయాణం సంగతి విని ఇంటికొచ్చి, "నేనూ రావచ్చాండీ? నాకు మీ పాటలు రావు మరి" అన్నాడు. పని నేర్చుకోవడానికి పాటలు అక్కర్లేదన్నాను.

పొద్దున ఏడు దాటాక గూడెం స్టేషన్లో ప్యాసింజరు ఎక్కాం. కాలేజీ పిల్లలతో కిటకిటలాడుతోంది గానీ, బాదంపూడి దాటేసరికి కూర్చోవడానికి చోటు దొరికింది. రెండు వైపులా కోతకొచ్చిన వరిచేలు. భీమడోలులో ఎక్కిన ఒక పెద్దాయన మా సంచులవైపు చూసి, "కాలేజీ టూరాండీ?" అని అడిగాడు.

"కాదండీ. చేపల చెరువు పని నేర్చుకోవడానికి వెళ్తున్నారు" అన్నాను.

"చెరువు పనికి నేర్చుకునేదేముందండీ! దిగితే అదే వచ్చేస్తది."

"దిగితే బురదొస్తదండీ, పనెందుకొస్తది?" అన్నాడు శ్రీను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దాయన కూడా నవ్వి, సంచీలోంచి జామకాయలు తీసి పిల్లలకు పంచాడు.

ఏలూరులో దిగి, స్టేషను బయట పెసరట్టు తిని, ఆటోలో వట్లూరు వెళ్లాం. అక్కడ కాలేజీల వెనక వీధిలో నీటి పరీక్షల ల్యాబ్ ఒకటుంది. చెరువుల రైతులు నీళ్ల సీసాలు పట్టుకొచ్చి వరుసలో నిలబడతారు. దాన్ని నడిపే అనూరాధగారు నా పాత సహోద్యోగి చెల్లెలు. ముందే చెప్పి ఉంచాను: పిల్లలకు ఉపన్యాసం వద్దు, పని ఇవ్వండి అని.

ఆమె ముగ్గురికీ తలొక సీసా ఇచ్చి, పెరట్లో తొట్టిలోని నీళ్లు నింపుకురమ్మంది. ప్రసన్న గభాలున ముంచి తెచ్చాడు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసి సింకులో పారబోసింది.

"అయ్యో, ఎందుకండీ?"

"పైన గాలి బుడగ ఉంది నాయనా. నీళ్లలో ఎంత ప్రాణవాయువుందో కొలవాలంటే బయటి గాలి చేరకూడదు. ఇది చెరువు లెక్క కాదు, ఆకాశం లెక్క."

మూడు సార్లు పారబోసింది. నాలుగోసారికి ప్రసన్న మోచేతిదాకా చెయ్యి ముంచి, సీసాను నీళ్లలోనే నింపి, నీళ్లలోనే మూత పెట్టాడు. కెజియాకు మళ్లీ నింపే అవసరం రాలేదు. సీసాలో మందు చుక్క చుక్కగా వేస్తూ నీలం రంగు మాయమయ్యే క్షణం దగ్గర చెయ్యి ఆపడం ఆమెకు వచ్చు. కాలేజీ ల్యాబ్‌లో చేసిందే. కాకపోతే అక్కడ జవాబు ముందే పుస్తకంలో ఉండేది. ఇక్కడ సీసా తెచ్చిన రైతు ఎదురుగా నిలబడి, "ఎంతొచ్చిందమ్మా?" అని ముఖంలోకి చూస్తున్నాడు. మొదటిసారి ఆమె అంకెను రెండుసార్లు సరిచూసుకుని గానీ చెప్పలేదు. సాయంత్రానికి వెంటనే చెప్పేస్తోంది. అనూరాధగారు ప్రాణవాయువు కొలిచే చిన్న మీటరు ఒకటి మా చేతికిచ్చి, తిరుగు ప్రయాణంలో ఇచ్చేయమన్నారు.

ఆ రాత్రి ఏలూరులో చర్చి అతిథి గదుల్లో పడుకున్నాం. ముందుగా ఫోన్ చేస్తే ఇస్తారు. దుప్పట్లు మాత్రం మనవే తెచ్చుకోవాలి.

శనివారం ఎనిమిదింటికి కైకలూరు బస్సు. ఆధార్ కార్డు చూపించి నేనూ కెజియా ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్లు తీసుకుంటే, శ్రీను తన టికెట్టు పైకెత్తి చూపించి, "మగపుటక పుట్టినందుకు పన్నండీ ఇది" అన్నాడు. కండక్టరమ్మ, "వచ్చే జన్మలో చూసుకుందువుగానిలే, లోపలికి నడు" అంది.

ఊరు దాటాక పొలాలు పోయి గట్లు మొదలయ్యాయి. గట్టు, చెరువు, మళ్లీ గట్టు. గుర్రపుడెక్క కమ్మిన కాలవలు, కరెంటు తీగల మీద నీటికాకులు, దూరంగా నీళ్ల మీద తెల్లగా గూడబాతుల గుంపు. నా పక్కన లంక గ్రామానికి వెళ్లే ముసలమ్మ కూర్చుంది. "మా చిన్నతనంలో ఇదంతా నీళ్లేనమ్మా. పడవలో పెళ్లికెళ్లేవోళ్లం. ఇప్పుడు సరస్సుని వెతుక్కోవాలి" అంది. ఆ మాట నాకు కొత్త కాదు. అందుకే మేం వెళ్లబోయే చెరువు యజమాని రాజుగారితో మాట్లాడినప్పుడు మొదట అడిగింది ఆయన చెరువు కొల్లేరు హద్దుకు బయట ఉందా లేదా అనే. పట్టా భూమిలో తవ్వుకున్నదని కాగితాలు చూపించాకే పిల్లలను తెస్తానన్నాను. దేవుడు పెట్టిన సరస్సును ఆక్రమించిన చోట మా పిల్లలు పని నేర్చుకోవడం నాకిష్టం లేదు.

కైకలూరులో దిగి, ఆటో మాట్లాడుకుని, పదింటికి చెరువు చేరాం. రాజుగారు గట్టు మీద గొడుగు వేసుకుని ఎదురొచ్చారు. అరవై దాటిన మనిషి, మాట మెత్తన. "రండమ్మా. టిఫిన్లయ్యాయా? అయితే చెప్పులిప్పి దిగండి."

కొల్లేరు వైపు చేపలకు మేత చల్లరు. తవుడూ నూనెగింజల చెక్కా కలిపి, అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన గెడలకు వరుసగా కడతారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర పొడుచుకుని తింటాయి. కాసేపయ్యాక పడవలో వెళ్లి సంచులు ఎత్తి చూస్తారు. ఖాళీ అయితే చేప బాగున్నట్టు. మేత మిగిలితే నీళ్లలో ఏదో తేడా ఉన్నట్టు. పనివాడు ఏడుకొండలు పడవ నడిపాడు, మా పిల్లలు ముగ్గురూ సంచులు కట్టారు. ప్రసన్న కట్టిన ముడి ఊడి సంచీ మునిగిపోతే దాని కోసం వంగి, సంచీతో పాటు తనూ నడుములోతు నీళ్లలో దిగబడ్డాడు. "బాప్తిస్మం రెండోసారి తీసుకోకూడదు తమ్ముడూ" అంది కెజియా. గట్టు మీద నేను కూడా నవ్వాపుకోలేకపోయాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రాజుగారు అసలు మాట చెప్పారు.

"నాకొక మనిషి కావాలండీ. మీటరు పట్టుకుని, రోజూ నీళ్లు చూసి, నాకు ఫోన్లో చెప్పాలి. చదువుకున్నోళ్లని పెట్టి చూశాను, నెల తిరక్కుండానే వెళ్లిపోయారు. రేపు తెల్లారి రీడింగులు మీ పిల్లల్నే తియ్యనివ్వండి. నేను ఊళ్లో ఇంటి దగ్గరుంటాను. ఏం చూశారో, ఏం చేశారో చెబితే, నచ్చినవాళ్లని పెట్టుకుంటాను. జీతం, గది అన్నీ మాట్లాడుకుందాం."

కెజియా నావైపు చూసింది. నేను రాజుగారితో అన్నాను. "రేపు ఆదివారమండీ. ఆదివారం మేం పని చెయ్యం."

"చేపకి ఆదివారం లేదు కదండీ" అన్నారాయన, చాలా మర్యాదగా.

ఆలోచించి, తెల్లవారుజామున వస్తాం గానీ ముందు ప్రార్థన, తర్వాతే రీడింగు అన్నాను. దినంలో మొదటి ఘడియ దేవునిది. దాని తర్వాతే మిగతావి. కెజియా నెమ్మదిగా, "ముందు రీడింగ్ తీసేసి ప్రార్థనలో కూర్చుంటే బాగుంటుందేమోనండీ, తెల్లవారేలోపే ప్రాణవాయువు బాగా తగ్గుతుందట" అంది. "ముందు దేవుడమ్మా" అన్నాను.

ఆ రాత్రి కైకలూరులో విశ్వాసి సువర్ణమ్మగారింట్లో ఉన్నాం. రాత్రంతా ముసురు పట్టింది. అయిదింటికి ఆటోలో చెరువు చేరేసరికి వాన వెలిసింది గానీ ఆకాశం మబ్బుగానే ఉంది. చెరువులో ఏరియేటర్లు తిరుగుతున్నాయి. నీళ్లను చిలికి గాలి కలిపే తెడ్ల చక్రాలవి. ఆ చప్పుడులో పక్కనున్నవాళ్ల మాట వినాలంటే చెవి ఒగ్గాలి. ఏడుకొండలు అవతలి గట్టున షెడ్డు దగ్గర మేత సంచులు నింపుకుంటున్నాడు.

నలుగురం గట్టు మీద గుండ్రంగా నిలబడ్డాం. శ్రీను కూడా చేతులు కట్టుకుని మాతోనే నిలుచున్నాడు. మాది వరుస ప్రార్థన. ఒకరి తర్వాత ఒకరు చేస్తారు, చివర నేను ముగిస్తాను. ఆ మధ్యలో ఎవరూ కళ్లు తెరవరు, కదలరు. చిన్నప్పటి నుంచి మా పిల్లలకు నేర్పిందే అది.

నేను మొదలుపెట్టాను. తర్వాత ప్రసన్న అందుకున్నాడు. వాడు వానను బట్టి, మబ్బును బట్టి, పక్షులను బట్టి స్తుతిస్తూ ఉండగా ఏరియేటర్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. అంతటా నిశ్శబ్దం. ఎక్కడో నీటికోడి కూత వినిపించింది. ప్రసన్న గొంతు భక్తితో ఇంకా మెత్తబడింది. "ప్రభువా, నీ సన్నిధిలో నువ్వు మాకిచ్చిన ఈ నిశ్శబ్దం కొరకు నీకు స్తోత్రం."

"ఆమెన్" అన్నాను నేను. నిజంగానే అన్నాను, మనస్ఫూర్తిగా. ఇంకో అయిదారు స్తోత్రాలు జరిగాయి.

అప్పుడు నా కుడి పక్కన గడ్డిలో పరుగు వినిపించింది. కళ్లు తెరిచాను. కెజియా వలయంలో లేదు. శ్రీను చొక్కా పట్టుకుని లాక్కుపోతోంది. "కరెంటు పోయింది! జనరేటరు వెయ్యాలి, రా!" ప్రసన్న కూడా కళ్లు తెరిచి, కోపంగా, "ప్రార్థన మధ్యలో ఏంటక్కా!" అన్నాడు.

నేను నీళ్లవైపు చూశాను. తూము మూల దగ్గర నీళ్ల మీద వందల నోళ్లు. బొచ్చెలు, శీలావతులు పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి అందుకుంటున్నాయి. అంతవరకూ మేము దేనికి స్తోత్రం చెప్పామో అప్పుడర్థమైంది. విశ్రాంతిదినాన గోతిలో పడిన గొర్రెను పైకి తియ్యరా అని ప్రభువు అడిగిన మాట మీద నేను ఎన్ని పాఠాలు చెప్పానో! "ప్రసన్నా, వెళ్లు! వాళ్లకు సాయం చెయ్యి" అని అరిచి నేనూ నడిచాను.

జనరేటరు పొలాలకు నీళ్లు తోడే డీజిల్ ఇంజను లాంటిదే, హ్యాండిల్ పెట్టి తిప్పాలి. "మా పొలంలో ఉందిలే ఇలాంటిది" అంటూ శ్రీను హ్యాండిల్ బిగించాడు. కెజియా ముందు మెయిన్ స్విచ్ దింపింది. రెండుసార్లు తిప్పినా ఇంజను దగ్గి ఊరుకుంది. మూడోసారి ప్రసన్న కూడా చెయ్యేశాడు. అంటుకుంది.

ఆ ఇంజను అన్ని ఏరియేటర్లనూ మొయ్యదు. సగమే నడుస్తాయి. శ్రీను దగ్గర్లో ఉన్న స్విచ్చి మీద చెయ్యి వెయ్యబోతే కెజియా ఆపింది. "చేప అక్కడ లేదు. తూము మూలవి వెయ్యి." అవే వేశాడు. చక్రాలు తిరిగాయి. ఆమె వెంటనే మీటరు నీళ్లలో దించింది. నాలుగుకు తగ్గకూడదని వట్లూరులో చెప్పిన అంకె రెండున్నర దగ్గర ఉంది.

ఈలోపు ఏడుకొండలు మేత సంచులతో పడవ తోసుకుంటూ వచ్చాడు. "కరెంటు రోజూ పోయేదేనమ్మా. వచ్చేస్తదిలే. సంచులు కట్టేద్దాం పదండి."

"ఈ పూట మేత వద్దు బాబాయ్" అంది కెజియా.

"వద్దంటే? రాజుగారు చెప్పకుండా మేతాపితే నన్ను కేకలేత్తారమ్మా."

"గాలందని చేప మేత తినదు. ఆ మేత నీళ్లలో కుళ్లితే ఉన్న గాలి కూడా పోద్ది. నేనాపానని చెప్పు. ఆగు, నేనే చెప్తాను."

ఫోన్ తీసి రాజుగారికి చేసింది. స్పీకరు పెట్టింది. కరెంటు పోయిందనీ, తాము ప్రార్థనలో ఉండి కాస్త ఆలస్యంగా చూశామనీ, ఏ మూల ఏరియేటర్లు వేశామో, మీటరు ఎంత చూపించిందో, మేత ఆపామనీ వరసగా చెప్పింది. ఆలస్యమైన సంగతి దాచలేదు.

రాజుగారు అంతా విన్నారు. తర్వాత, "మేత ఆపమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. రీడింగు చూసి నేనే ఆపాను."

"ఎండొచ్చేదాకా గంటకోసారి చూడమ్మా. వస్తున్నా."

ఆయన వచ్చేసరికి బాగా వెలుగొచ్చింది. కరెంటు కూడా వచ్చింది. చేపలు కిందికి దిగిపోయాయి. తూము దగ్గర తేలిన కొన్నింటిని ఏడుకొండలు వెదురు జల్లతో తీసి గట్టున వేశాడు. వాటిని చూసి ప్రసన్న తల దించుకున్నాడు. రాజుగారు చచ్చిన చేపలను చూశారు, మీటరు చూశారు, కట్టకుండా ఉన్న మేత సంచులు చూశారు. "ఇంకాసేపుంటే చెరువంతా తేలేదండీ" అని నాతో అని, కెజియావైపు తిరిగి, "ఎప్పుడొస్తావమ్మా?" అన్నారు.

"నాన్నగారినడిగి చెప్తానండీ" అంది. ఆ ముఖంలో సంతోషం కన్నా భయమే ఎక్కువ కనిపించింది. ఆశీర్వాదంగారు ఆదివారం ఆటో బయటికి తియ్యని మనిషి.

తర్వాత ప్రసన్న నన్ను పక్కకు పిలిచి, "అక్క ప్రార్థన మధ్యలో లేచిపోవడం తప్పు కాదాండీ?" అని అడిగాడు. వాడి ప్రశ్న నిజాయితీగా అడిగిందే. మెలకువగా ఉండి ప్రార్థించమన్నాడు ప్రభువు అని చెప్పాను. మెలకువ అన్న మాటే ముందుంది. ఇకనుంచి పని దగ్గర ప్రార్థన చేసేటప్పుడు మాలో ఒకరు కళ్లు తెరుచుకుని నీళ్లనో యంత్రాన్నో చూస్తూ నిలబడాలని అక్కడే నియమం పెట్టాను. మీరు వెళ్లినా అలాగే చేయండి. ఆ ఒక్కరి వంతు తక్కువైనది కాదు.

పదింటికి కైకలూరులో ఆరాధనకు వెళ్లాం. ఆరాధన అయ్యాక నేను ఆలస్యం చేయలేదు. సువర్ణమ్మగారిని అడిగాను, ఒక అమ్మాయి మీ ఇంట్లో అద్దెకుంటే ఇబ్బందా అని. "ఒక్కదాన్నే ఉంటున్నానండీ, ఉంటే నాకే తోడు" అన్నారు. పాస్టరుగారితో మాట్లాడి ఆదివారం ఆరాధన వేళలు కనుక్కున్నాను. రాజుగారికి ఫోన్ చేసి, ఆదివారం తెల్లారి రీడింగయ్యాక ఆమెను సాయంత్రం దాకా వదిలేయాలన్నాను. ఆయన, "ఆయ్, అలాగేనండీ" అన్నారు. అలా ఒప్పుకోకపోతే నేనే వద్దనేదాన్ని.

రెండింటి బస్సుకు ఏలూరు, వట్లూరులో మీటరు ఇచ్చేసి, సాయంత్రం బండికి తాడేపల్లిగూడెం. రైల్లో ముగ్గురూ అలసిపోయి ఉన్నారు. శ్రీను గోళ్ల కింద డీజిల్ మరక పోలేదు. ఏలూరులో ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఉందా అని ఫోన్లో వెతుకుతున్నాడు. పోయిన నెల కూటంలో మా పిల్లలను ఏం చేయగలరని అడిగితే తలలు దించుకున్నారు. తెల్లవారుజామున నాకు చెప్పకుండా, నన్ను అడక్కుండా వాళ్లు చేసింది నేను నా కళ్లతో చూశాను. మన పిల్లలకు పని రాదనకండి. పని దగ్గరికి తీసుకెళ్లి, ఒక్క పూట దాన్ని వాళ్ల చేతిలో పెట్టండి. వాళ్లు తప్పు చేస్తారు, మనమూ చేస్తాం. అయినా తీసుకెళ్లండి.

స్టేషను బయట ఆశీర్వాదంగారు ఆటోతో ఉన్నారు. ఆదివారం బండి తియ్యని మనిషి మా కోసం తీశారు. అందరం ఇరుక్కుని కూర్చున్నాం. కెజియా పొద్దున జరిగింది చెప్పడం మొదలుపెట్టి, ఉద్యోగం మాట దగ్గరకొచ్చి ఆగిపోయింది. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగారు.

"ఆదివారాలు కూడా పని ఉంటాదాండీ టీచరుగారూ?"

"ఉంటుందండీ. తెల్లారి నీళ్లు చూసుకుని పదింటికి ఆరాధనకు వెళ్తుంది. సువర్ణమ్మగారని విశ్వాసి, వాళ్లింట్లో ఉంటుంది. అన్నీ మాట్లాడే వచ్చాను."

"మీరేనా చెప్తున్నారు?"

"నేనే చెప్తున్నానండీ."

రైల్వే గేటు దగ్గర ఆటో ఆగింది. గూడ్సు బండి పోతోంది. ఆయన ఇంజను ఆపేశారు. కెజియా నా చెయ్యి పట్టుకుంది. గేటు లేచాక ఆయన ఇంజను స్టార్ట్ చేస్తూ అన్నారు.

"తెల్లారగట్ల చెరువు గట్టు మీద చలేస్తాదాండీ?"

"బాగా వేస్తుందండీ."

"నాకు స్వెట్టరుంది. దానికి పెద్దదే అవుద్ది. చేతులు మడుచుకుంటే సరిపోద్ది."